సముద్రం అడుగున అన్నం

మా బావ పోయాడని అక్క ఫోన్ చేసినప్పుడు నేను నారుమడిలో ఉన్నాను. కొన్నాళ్లుగా ఊపిరి అందడం లేదని తెలుసు. కాళ్లు కడుక్కుని బస్సెక్కాను. కూర్మన్నపాలెంలో ఇంటి ముందు కర్మాగారం స్నేహితులు ఉంటారనుకున్నాను, ఉన్నారు. ఫిషింగ్ హార్బర్ నుంచి ఆటోల్లో అంతమంది వస్తారని మాత్రం అనుకోలేదు.

బావ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. రాజులూ రాక్షసులూ ఉండే అద్భుత నవలలు రాశాడు. ప్రచురణకర్తలెవరూ వేయలేదు. తనే అచ్చు వేయించాడు, తనే మోసుకెళ్లి పుస్తకాల ప్రదర్శనలో బల్ల పరుచుకుని అమ్మాడు. ఎవరైనా "రచయిత ఎవరండీ?" అంటే "నానే" అని లేచి నిలబడేవాడు. నేను కథలు రాసేది పొలం గురించి, కూలి గురించి. మాయలూ మంత్రాలూ నాకు పడవు. బావ పుస్తకాలు మాత్రం అన్నీ చదివాను.

బావదీ మా ఊరే. అక్కడి గ్రంథాలయంలో పుస్తకాలకు చివరి కాగితాలు ఉండేవి కావు. ఎవరో చింపి చుట్టలు చుట్టుకునేవారు. రాక్షసుడు చచ్చాడో లేదో తెలియక బావ చిన్నప్పుడు తనే ముగింపులు కట్టుకునేవాడట. "ఆ చుట్టలోళ్లే నాకు గురువులు" అనేవాడు.

రెండో గురువు ఫర్నేస్, ఎప్పుడూ ఆరకూడని ఆ కొలిమి. ఆయన మొదటి నవలలో కొండ కింద అగ్నిసర్పం ఉంటుంది. అది ఒక్క క్షణం నిద్రపోయినా రాజ్యం చల్లబడిపోతుంది. అందుకని మాంత్రికులు ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు పనిచేస్తారు. తర్వాతి వాడు వచ్చేదాకా ముందు వాడు కదలడానికి వీల్లేదు. ఒక ముసలి మాంత్రికుడు, రిలీవర్ రాక, కూతురి పెళ్లి ముహూర్తం దాటిపోతున్నా మంత్రం చదువుతూ నిలబడే ఘట్టం ఉంది. ఉక్కునగరం క్వార్టర్లలో ఆ పుస్తకం చేతులు మారింది. క్యాంటీన్‌లో ఒకాయన బావను ఆపాడు.

"ఏటి గురూ, నీ మాంత్రికుడికి నైట్ అలవెన్సు ఏదీ? ఆళ్లకి యూనియన్ నేదా?"

"రెండో పుస్తకంలో సమ్మె ఉంది, ఆగు" అన్నాడు బావ. నిజంగానే పెట్టాడు.

హార్బర్‌తో సంబంధం చేపల వల్ల మొదలైంది. వీక్లీ ఆఫ్ నాడు చేపలకు వెళ్లి, ఒక బోటు డ్రైవరుతో స్నేహం చేసుకున్నాడు. ఎండాకాలంలో వేట నిషేధం వస్తే బోట్లన్నీ కట్టేసి ఉంటాయి. మగవాళ్లు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. బావ కొత్త అధ్యాయాలు పట్టుకెళ్లి వాళ్లకు చదివేవాడు. ఏటా అదే పద్ధతి. వాళ్ల చేతుల్లో పని సాగుతుండేది, నోళ్లు ఊరుకునేవి కావు. "ఆ రాజుని సంపీండి బాబూ, ఆడితో మనకి నాభం నేదు" అనేవారు. ఒక్కోసారి బావ వినేవాడు కూడా.

ఆ డ్రైవరే రెండో పుస్తకంలో ఓడ నడిపే సరంగు అయ్యాడు. సముద్రం అడుగు దేశానికి దారి తెలిసిన ఒకే ఒక్క మనిషి. మునిగిపోతున్న పడవలను పైకి పంపించి తను కిందికి దిగిపోతాడు. అక్కడితో రెండో పుస్తకం అయిపోతుంది. అది అచ్చయిన ఏడాదే వాయుగుండంలో డ్రైవరు బోటు తిరగబడింది. మిగతా వాళ్లు ఒడ్డుకు చేరారు. అతను రాలేదు, దొరకనూ లేదు.

అతని భార్య నూకాలు హార్బర్‌లో చేపలు అమ్ముతుంది. బావను పట్టుకుని అడిగింది. "మూడో పుస్తకంలో మా ఆయన్ని పైకి తెచ్చీండి బాబూ. మీ సేతిలో పనే కదా."

బావకు ఆ మాట అన్నం సహించనివ్వలేదు. నాకు తెలిసి ఏ అధ్యాయానికీ అంత కష్టపడలేదు. "అద్భుత నవలే కదా బావా, తెచ్చెయ్, ఎవరు కాదంటారు?" అన్నాను.

"నా పుస్తకంలో కొండలు నడుస్తాయి. ఏనుగులు ఎగురుతాయి. పోయినోడు మాత్రం రాడు. వచ్చినట్టు రాత్తే ఆవిడ ఇంటికెళ్లి తలుపేసుకోకుండా కూకుంటాది. అదేనేటి నాను సేసే మంచి?" అన్నాడు.

నేను వాస్తవం రాస్తానని చెప్పుకునేవాణ్ని. ఆ రోజు నుంచి ఆ మాట కొంచెం తగ్గించి వాడుతున్నాను.

నిరుడు ఎండాకాలం ఆ అధ్యాయం చదవడానికి వెళ్తుంటే నేనూ తోడు వెళ్లాను. అప్పటికే నాలుగు వాక్యాలకోసారి ఊపిరి కోసం ఆగుతున్నాడు. సరంగు భార్య సముద్రం అడుగుకు దిగుతుంది. సరంగు అక్కడ దారి తప్పిన పడవలను మళ్లిస్తూ ఉంటాడు. పైకి రాలేనంటాడు. ఆమెకు దారి చూపిస్తాడు. ఆమె ఒక్కతే వచ్చేస్తుంది. చదవడం అయ్యాక బావ తల ఎత్తలేదు. అందరూ నూకాలు వైపు చూశారు.

"అక్కడేటి తింతన్నాడు బాబూ?" అంది.

"అది రాయనేదమ్మా."

"రాయనేదా! ఇంత పుస్తకం రాసీసి మనిషికి కూడెట్టడం మరిసిపోనారా? ఆయనకి నెత్తళ్లు నేకపోతే ముద్ద దిగదు."

వలల దగ్గర ఎవరో నవ్వారు. ఆమె కూడా నవ్వింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. బావ మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి ఆ అధ్యాయం మొత్తం మళ్లీ రాశాడు. భార్య దిగేటప్పుడు చద్దన్నం, ఉల్లిపాయ, నెత్తళ్ల ఇగురు పట్టుకెళ్తుంది. సరంగు తింటుంటే ఎదురుగా కూర్చుంటుంది. రాజ్యాలూ యుద్ధాలూ ఉన్న ఆ నవలల్లో నాకు అన్నిటికన్నా పెద్ద ఘట్టం అదే. అలాంటిది నేను రాయలేను. రాసినవాడు మా బావ అని చెప్పుకోగలను.

పుస్తకం అచ్చయి వచ్చింది. బావ చూసుకున్నాడు, బల్ల మీద పెట్టుకుని అమ్మాడు కూడా.

అచ్చుకు ఇచ్చే ముందు, అదే ఎండాకాలంలో, ఆ తిరగరాసిన అధ్యాయం హార్బర్‌లో చదివిన రోజు కూడా నేను పక్కనే ఉన్నాను. చేపల వేలం లేని హార్బర్ ఖాళీగా ఉంది. సగం చదివేసరికి బావకు ఆయాసం వచ్చి ఆగిపోయాడు. నూకాలు తన క్యారేజీ విప్పింది. "మీరు తినండి ముందు. నీరసంగున్నారు. తింతా సదవండి" అని మూతలో అన్నం పెట్టి ఇచ్చింది. ఒక చేత్తో మూత, ఒక చేత్తో ముద్ద. ఇంక కాగితాలు ఎలా పట్టుకుంటాడు? ఆమె తీసుకుంది. చదువు రాని మనిషి, ఆయన చూపు ఆనే దూరంలో కాగితం రెండు చేతులతో ఎత్తి పట్టుకుని కూర్చుంది. బావ ఒక ముద్ద తిని, ఒక వాక్యం చదివాడు. గాలికి కాగితం మూల లేస్తుంటే ఆమె బొటనవేలితో అదిమి పట్టి, తర్వాతి వాక్యం కోసం ఆయన నోటి వైపు చూస్తోంది.