మూడో తరగతి గోడ మీది చెమ్మ

విజయశ్రీ నా పక్క తరగతి టీచరు. చిక్కడపల్లి సందులోని మా ప్రాథమిక పాఠశాలలో ఇరవై ఏళ్లు సైన్సు ఒకే తీరుగా చెప్పింది: ముందు బోర్డు మీద జవాబు రాయడం, తర్వాత ప్రశ్న అడగడం. ఇన్‌స్పెక్షన్ రోజున ఆమె పిల్లలు ఒక్కరూ తడబడేవారు కాదు. 2011 వేసవిలో ఏదో శిక్షణకు వెళ్లొచ్చి, "ఇగ జవాబులు నేను చెప్ప. మీరే దేవులాడాలె" అంది. పిల్లలు నవ్వారు.

వానలు మొదలవగానే ఆమె చెప్పే మూడో తరగతి గోడ మీద చెమ్మ దిగింది. తల వంచుకుని కూర్చున్న మనిషిలా ఉండేదా మరక. సున్నం వేయించినా మళ్లీ అదే తీరుగా తేలింది. దాన్ని చూసి భయపడి నలుగురు పిల్లలు బడి మానేశారు. హెడ్మాస్టరు రమాకాంత్ గారు తేల్చి చెప్పారు: "ఇంకొక్క పిల్ల పోయిందంటే గది బంద్ జేస్త మేడం. మీ కొత్త చదువు గూడ బంద్. మళ్ల నోట్సే రాయించుండ్రి."

విజయశ్రీ రోజూ మరక అంచు వెంట సుద్దముక్కతో గీత గీయించి, పక్కన తేదీ వేయించేది. గోడకు అవతల, పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ల హాస్టలు స్నానాల గదులు. అందరికంటే ఎక్కువ భయపడే జ్యోత్స్నే కనిపెట్టింది.

"సండే అయినంక పెద్దగైతది టీచర్. అందరు ఒక్కసారే బట్టలు పిండుతరు గద!"

"మరి హాస్టల్ ఖాళీ అయితే?"

"ఎండిపోవాలె."

సెప్టెంబరులో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. బడికి తాళం పడింది. నెల దాటాక గది తెరిస్తే మరక అరచేయంత మిగిలింది. జ్యోత్స్న చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. పాత గీతల లోపల కొత్త గీతలు, ఒకదాంట్లో ఒకటి, చిన్నవవుతూ. పక్కన తేదీలు. అన్నీ తాళం ఉన్న రోజులవే.

"అమ్మతోడు, నేను తాళం తియ్యలే" అన్నాడు వాచ్‌మన్ బుగ్గయ్య.

"బుగ్గయ్యే గీసిండని చెప్పుండ్రి, అయిపోతది" అని హెడ్మాస్టరు ఆమె చెవిలో అన్నారు.

విజయశ్రీ పిల్లల వైపు తిరిగింది. "ఎవరు గీసిన్రో నాకు తెలువదు. ఎట్ల తెలుసుకుందాం?"

ఆమె నోట 'తెలువదు' అన్న మాట వినడం నాకదే మొదలు.

"అందరం ఏడంకె రాసి, కలుస్తదేమో చూద్దాం" అంది జ్యోత్స్న.

గోడ మీది ఏడుకు నడుమ చిన్న అడ్డగీత ఉంది. అట్లా రాసేది బడిలో ఒక్కరే. ఎవరూ పైకి అనలేదు. పిల్లలు రాశారు, బుగ్గయ్య రాశాడు. కలవలేదు.

"మీరు గూడ, టీచర్."

హెడ్మాస్టరు వద్దన్నట్టు తలూపారు. ఆ నెలంతా విజయశ్రీ బర్కత్‌పురలో అక్క ఇంట్లో టైఫాయిడ్‌తో మంచం పట్టి ఉంది. రోజూ వెళ్లి చూసొచ్చినదాన్ని నేను.

ఆమె సుద్దముక్క తీసుకుని రాసింది. రెండూ ఒకటే.

"ఒక్కతీరుగనే ఉన్నయ్" అంది. "నేనైతే ఇటు రాలే. ఆ రెండు మాటలు గూడ నోట్‌బుక్కుల రాసుకోండ్రి."

జ్యోత్స్న రాసుకుంది. మర్నాడు ఒక్క పిల్లా తగ్గలేదు. మానేసిన వాళ్లలో ఇద్దరు తిరిగొచ్చారు. తాళం పట్టుకుని గుమ్మం దాకా వచ్చిన రమాకాంత్ గారు దాన్ని జేబులో వేసుకున్నారు.

2014లో రిటైరయ్యేదాకా విజయశ్రీ ఆ గదిలోనే చెప్పింది. ఆ గోడకు వీపు పెట్టి నిలబడటం మాత్రం నేనెన్నడూ చూడలేదు.