గుర్వయ్య పేర్చిన ఎర్ర రాళ్లు

కోస్గి పక్క పల్లెలో రాతిపని చేసే గుర్వయ్య కట్టిన గోడకు దారం పట్టి చూసినా వంకర దొరకదని చుట్టుపక్కల పేరు. 1957 ఎండాకాలంలో అతడు పాలమూరు కూలీలతో కలిసి హిమాలయాల్లో రోడ్డు పనికి పోయాడు.

రోడ్డుకు ఎగువన, రెండు కొండల మధ్య, అరమైలు వెడల్పున మంచు పరుచుకుని ఉంది. దాని మీద పరిశోధనకు వచ్చిన సర్వే సారుకు రాళ్లు సూటిగా పేర్చే మనిషి కావలసి వచ్చింది. ఆయన దగ్గర కొలత గొలుసు పట్టే మెహమూద్ కోస్గివాడే. గుర్వయ్యను అతడే పిలుచుకుపోయాడు. ఈ కొండ నుంచి ఆ కొండ దాకా ఎర్ర రంగు పూసిన ముప్పై రాళ్లను గుర్వయ్య నాలుగు రోజుల్లో ఒకే వరుసలో పెట్టాడు. ఎందుకని అడగలేదు.

మరుసటేడు మళ్లీ పనికి వచ్చి, సారు రాకముందే ఒక్కడే పైకెక్కి చూశాడు. వరుస కొడవలిలా వంగి ఉంది. అంచున రాళ్లు కొద్దిగానే జరిగాయి. నడిమివి ముప్పై అడుగులు కిందికి పోయాయి.

సరిచేద్దామనుకుని నడిమి రాయిని భుజానికెత్తాడు. నాలుగడుగులు వేశాక, సారుకు చెప్పకుండా జరపడానికి మనసొప్పలేదు. వెనక్కి వచ్చి, అది నొక్కుకుపోయిన గుంటలోనే దించాడు. తరువాతి మూడు రోజులూ రొట్టె గొంతు దిగలేదు.

సారు రాగానే ఎదురెళ్లి, మెహమూద్‌తో అన్నాడు. "సారుకు చెప్పు భాయి. రాళ్లు వంకర పోయినయి. నేనైతే సక్కగనే పెట్టిన. ఎట్లయిందో ఎరుక లేదు."

సారు దుర్బిణిలో చాలాసేపు చూశాడు. ఏదో అడిగాడు.

"ముట్టుకున్నవా అంటున్నడు," అన్నాడు మెహమూద్.

"ఒకటి లేపిన. మల్ల దాని జాగాలనే పెట్టిన."

అది విని సారు గట్టిగా ఊపిరి వదిలి, నవ్వాడు. ఆయన చెప్పేది మెహమూద్ తెలుగులో చెప్పుకొచ్చాడు. "ఫికర్ చెయ్యకు గుర్వన్నా. గిది నిలిచున్న మంచు కాదు, నది. మెల్లగ కిందికి పోతాంది. ఎంత పోతాందో చూసెటందుకే రాళ్లు పెట్టిచ్చిండు. నువ్వు సక్కగ జరిపి ఉంటె ఏడాది పని గంగల కలిసేది."

"మా వాగుల గూడ గంతే. ఒడ్డుకు నీళ్లు రాసుకుంట నిదానంగ పోతయి. నడుమనే జోరు," అన్నాడు గుర్వయ్య.

సారు మెచ్చుకుని, మంచు పక్కన నున్నగా ఉన్న బండ దగ్గరికి తీసుకుపోయాడు. దాని మీద పొడవాటి గీతలు. గుర్వయ్య వేలితో తడిమాడు.

"గీ ఉలి దెబ్బలెవరియి?"

"మంచుయే. కింద రాళ్లను ఇరికిచ్చుకుని కొండను రాసుకుంట పోతదట. గీ లోయంత గట్లనే తొలిసిందట."

ఆ పూట గుర్వయ్య మూడు రొట్టెలు తిని, మధ్యాహ్నమంతా గుడారంలో ఒళ్లు మరిచి నిద్రపోయాడు. ఆ తరువాత ఆరేళ్లు సారు రాళ్లు అతడే పేర్చాడు.

ఆ ఏడు ఇంటికొచ్చాక సంగతంతా భార్య సుక్కమ్మకు చెప్పాడు.

"మంచు కొండను చెక్కుడేందయ్యా," అందామె.

"చెక్కుతది. మనకంటె ఓపిక జాస్తి దానికి."

"ఏమన్న గానీ. నీ మీద మాట రాలే, గదే సాలు," అంటూ సుక్కమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది.