కొట్టిన మరమేకులు

ఆ మధ్యాహ్నం కొండ మీంచి గాలి దిగినప్పుడు మా వాకిట్లో పంచకు వేసిన ఆరు రేకుల్లో రెండు లేచి, ఎదురింటి దొడ్లో పడ్డాయి. వెనకే వాన. మా అక్క కుట్టుమిషను మీద బోర్లా వాలిపోయి, కొంగుతో చక్రాన్ని కప్పుతూ "లోపలికి లాగరా" అంటున్నది. ఇనుప కాళ్లు అప్పటికే బురదలో దిగాయి. నేను లాగలేకపోయాను. వాన వెలిసేదాకా ఇద్దరం దాన్ని పట్టుకుని తడుస్తూ నిలబడ్డాం.

అక్క ఉదయగిరిలో మా ఇంటికి తిరిగివచ్చి అప్పటికి ఏడాది కాలేదు. బావ పోయాక ఆత్మకూరు నుంచి ఆమె వెంట తెచ్చుకున్నది ఆ మిషనొక్కటే. దాని మీదే ఆమె, ఆమె కూతురు బతకాలి. మాది బోదగడ్డి కప్పిన ఇల్లు. పట్టపగలు కూడా లోపల సూదిలో దారం ఎక్కించే వెలుతురు ఉండేది కాదు. అందుకే వాకిట్లో రేకుల పంచ వేయించాం.

మా ఊళ్లో రేకులకు మేకులే కొట్టేవారు. గాలికి రేకు ఆడి ఆడి మేకు తలెత్తేది. ఏటా ఎవరో ఒకరు పైకెక్కి మళ్లీ దిగ్గొట్టేవారు. ఆత్మకూరులో ఇనుప సామాన్ల కొట్టాయన "రేకు ఆడే చోట మేకు నిలవదు. మరమేకులు తీసుకుపో, తిప్పి బిగిస్తే కొయ్యను కరుచుకుంటాయి" అన్నాడు. సబబుగానే తోచింది. పొట్లం ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చాను.

రేకులు వేయడానికి వచ్చిన మా ఆచారి బండి చక్రాలు చేయడంలో పేరున్న ముసలి వడ్రంగి. పొట్లం విప్పి చూసి నవ్వాడు.

"మేకుకు మరలెందుకు అబ్బయా? ఏమన్నా పెండ్లికూతురా, నగలు పెట్టేదానికి?"

మరలు తిప్పే తిరుపుళి ఆయన సంచిలో లేదు. మిషనుతోపాటు వచ్చిన చిన్నది అక్క తెచ్చి ఇచ్చింది. మొదటి రెండు మూడు తిప్పడం చూసి నేను పని మీద వెళ్లాను. తిరిగి వస్తుంటే వీధి మొదట్లోనే సుత్తి చప్పుడు వినబడింది. బెజ్జాలు వేస్తున్నాడనుకున్నాను. అడగలేదు.

వాన వెలిశాక ఆచారిని పిలుచుకొచ్చాను. రేకులు ఊడిన చోట వాసంలో బెజ్జాలు వదులుగా, నున్నగా ఉన్నాయి. మర పట్టిన గుర్తే లేదు.

"కొట్టినావా?" అన్నాను.

"కొన్ని తిప్పినాను. ఆ బొమ్మ తిరుపుళితో చెయ్యి బొబ్బలెక్కింది. మిగతాయి కొట్టినాను. మరమేకైతే మాత్రం మేకు గాదా?"

"ఏవి తిప్పినావు, ఏవి కొట్టినావు?"

ఆయన మెడ ఎత్తి మిగిలిన నాలుగు రేకుల్ని చాలాసేపు చూశాడు.

"ఎట్టా చెప్పేది? తలలన్నీ ఒకే మాదిరి ఉండాయి."

విప్పి చూస్తే తెలుస్తుంది గదా అన్నాను.

"విప్పితే కొట్టింది చేతికొస్తాది. మళ్లీ ఆ బెజ్జంలో నిలవదు. పక్కన ఇంకోటి వేస్తే ఈ వాసం చీలతాది. నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?"

కొత్త వాసాలు తెచ్చే శక్తి మాకు లేదని ఆయనకూ తెలుసు. మిషను తుడుస్తున్న అక్క తలెత్తకుండానే "ఉన్నవాటి జోలికి పోబాకండి" అంది.

మర్నాడే మిషనుకు నూనె పోసి, ఆ నాలుగు రేకుల కింద పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. గాలి లేచినప్పుడల్లా నేను వాకిట్లోకి వచ్చి పైకి చూసేవాణ్ణి. చూసి చేయగలిగింది ఏమీ లేదు. ఆ రేకుల్ని పట్టుకున్నవాటిలో తిప్పినవెన్నో, కొట్టినవెన్నో ఆచారికి గుర్తు రాలేదు, మాకూ తెలియలేదు.