తీతువు పిట్టకు కంచె

మా హైస్కూలు వెనక జాగాలో ఒకప్పుడు సర్కారు తుమ్మ తప్ప ఏదీ బతికేది కాదు. పిల్లలూ నేనూ రెండేళ్లపాటు దాన్ని వేళ్లతో సహా తీయించి తంగేడు, రేగు, కలివి మొక్కలు పెట్టాం. ఒక మూల మాత్రం, పలకల గని నుంచి ఎవరో ఎప్పుడో తెచ్చిపోసిన రాతిముక్కలను అలాగే వదిలేశాం. తొండలకు నీడ కావాలి కదా. మార్కాపురంలో రాయి సంపాదించడం కష్టం కాదు, వదిలించుకోవడమే కష్టం.

సీతాకోకచిలుకలు వచ్చాయి, పికిలి పిట్టలు వచ్చాయి. ఆ తర్వాతి వేసవి మొదట్లో ఆ రాతిముక్కల మధ్య తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. గూడంటూ కట్టలేదు. గుడ్లదీ రాళ్లదీ ఒకటే రంగు. నేను మురిసిపోయాను. ఊళ్లో ఇంకెవరూ మురవలేదు.

తీతువు అరిస్తే చావు కబురు వస్తుందని మా వైపు నమ్మకం. పైగా పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. పేరెంట్స్ కమిటీ చైర్మన్ కిరాణా దుకాణం నడిపే నెమ్మదస్తుడు. ఒకరోజు వచ్చి అడిగాడు.

"ఇంత కష్టపడి పిలిస్తిరి, నెమలిని పిలవకూడదా సార్? ఈ పీడపిట్టనే పిలవాల్నా?"

"నేను పేరుపెట్టి పిలవలేదన్నా. అదే వచ్చింది."

"మా పాప పదో తరగతి. నాకు నిద్ర పట్టడంలే. జేసీబీకి చెప్పినాను, ఆ మూల చదును చేయిస్తా."

"గుడ్లు పగిలి పిల్లలు లేచేదాకా ఆగన్నా."

"పరీక్షలు ఆగుతాయా సార్?"

హెడ్మాస్టరు గారు ఇద్దరి మాటా సబబేనన్నారు. ఆ ఉద్యోగం అలాంటిది. నేను 'పక్షి గుడ్లు పెట్టింది, దగ్గరికి రాకండి' అని బోర్డు పెట్టాను. అది చదవడానికి బడంతా దగ్గరికొచ్చింది.

చైర్మన్ ముందుచూపు గల మనిషి. జేసీబీ వచ్చేలోగా కీడు క్లాసుల్లోకి పాకకుండా, పొద్దున్నే ఆ మూల చుట్టూ ముగ్గుపిండితో గిరి గీయించి, నాలుగు దిక్కులా కుంకుమ అద్దిన నిమ్మకాయలు పెట్టించాడు. పిట్ట ఆయన నెత్తిమీదే తిరుగుతూ కార్యక్రమం పూర్తయ్యేదాకా అరిచింది.

మధ్యాహ్నం జేసీబీ వచ్చింది. డ్రైవర్ నిమ్మకాయలు చూసి ఇంజన్ ఆపేసి దిగాడు.

"ఎవరు చేసినారన్నా ఇది?"

"నేనే చేయిస్తి. ఏం కాదు, తోలు."

"బాగుందే నీ మాట! నువ్వు పోయి దుకాణంలో కూర్చుంటావు. నేను రేపు దోర్నాల ఘాటులో బండి తోలాల. పెండ్లాం పిల్లలు ఉండారు నాకు."

"అది పిట్టకు చేసింది రా!"

"దేనికి చేస్తే ఏంది? తొక్కేది నా బండే గదా."

జేసీబీ వెళ్లిపోయింది. పరీక్షలు అయ్యేదాకా గిరి చెరపకూడదని చైర్మన్‌కు తెలుసు, ఆ నియమం పెట్టిందే ఆయన. పిల్లలు చుట్టు తిరిగి నడిచారు. మేకలు తోలుకొచ్చే ఆయన దారి మార్చుకున్నాడు. నా బోర్డుకు దక్కని మర్యాద నిమ్మకాయలకు దక్కింది.

చివరి పరీక్ష రోజు చైర్మన్ కూతుర్ని తీసుకెళ్లడానికి వచ్చాడు. పాప మొహం తేటగానే ఉంది. అప్పుడే తీతువు పిల్లలు, ఎండిన నిమ్మకాయలంతేసి, తల్లి వెంట వరసగా ముగ్గు దాటి బయటికొచ్చాయి.

"గిరి దాటినాయి సార్!" అన్నాడాయన.

ఆయన పిట్టపిల్లల్ని చూశాడు, తెరిచి ఉన్న గేటు చూశాడు, రోడ్డు మీద ఆటోల పక్కన పడుకున్న కుక్కల్ని చూశాడు.

"చూస్తా నిలబడినారేంది సార్? గేటు ముయ్యమనండి ముందు!"