ఒడి మారిన పాప

ఎండాకాలం సెలవుల్లో పిల్లలిద్దరినీ తీసుకుని వైజాగ్ నుంచి కర్నూలుకు, మా పిన్ని ఇంటికి వెళ్ళాను. ఒకరోజు అందరం మంత్రాలయం బయల్దేరాం. బస్సు కిక్కిరిసి ఉంది. బాబును చంకనేసుకుని పిన్ని ముందుకు వెళ్ళిపోయింది. నేను పాప చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.

"బిడ్డను ఇట్లియ్యమ్మా," అంటూ సీట్లో ఉన్న ఒకామె, నేను సరే అనకముందే పాపను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఇంతలో కొత్తగా ఎక్కినవాళ్ళు నన్ను వెనక్కి నెట్టేశారు. ఆమె పచ్చ చీర కొంగు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ కొంగు కోసమే మునివేళ్ళ మీద లేచి లేచి చూస్తూ నిలబడ్డాను.

ఎమ్మిగనూరులో బస్సు ఆగింది. దిగేవాళ్ళు అడ్డొచ్చి ఆ కొంగు కాసేపు కనబడలేదు. బస్సు కదిలింది. కిటికీలోంచి చూస్తే ఆ పచ్చ చీర రోడ్డు మీద నడిచిపోతోంది. జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్ళాను.

పాప అదే సీట్లో, ఒక ముసలాయన ఒళ్ళో కూర్చుని ఉడకబెట్టిన శనక్కాయలు తింటోంది.

"ఆయమ్మ దిగతా నాకిచ్చి పోయింది. బిడ్డ ఈడనే ఉండాది కదమ్మా, ఎందుకంత తల్లాడతాండావు?" అన్నాడాయన, పక్కకు జరిగి నాకు చోటిస్తూ.

కూర్చున్నానో లేదో, నిలబడి ఉన్న ఒకమ్మాయి తన చంటివాణ్ణి నా ఒళ్ళో పెట్టి ముందుకు వెళ్ళిపోయింది. నా ముఖం కూడా సరిగ్గా చూడలేదు. మంత్రాలయం వచ్చేదాకా ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఆమె ఎక్కడుందోనని మెడ సాచి వెతుకుతూ కూర్చున్నది నేనే.