బొగ్గుగీతల మామిడికాయలు

నా చిన్నప్పుడు పట్టుకున్న నా చేతిని ఈ ముసలితనంలోనూ వదలని దేవునికి స్తోత్రం.

జగిత్యాల దగ్గర మా తాతయ్యకు చిన్న మామిడితోట ఉండేది. కోతలు మొదలైతే తొలి బుట్ట మా ప్రార్థన మందిరానిది. అందులో దెబ్బతిన్న కాయ ఒక్కటి కూడా ఉండకూడదని తాతయ్య పట్టింపు. ఆ ఏడాది ఆ బుట్టను సంఘం ముందుకు మోసుకెళ్ళేది నేనే.

చిన్నాయన కొమ్మ మీద నుంచి కాయ తెంపి వదిలేవాడు. కింద తాతయ్య ఒకవైపు, నేను ఒకవైపు గోనెపట్టా పట్టుకున్నాం. పైన కాడ తెగిన చిన్న చప్పుడు. తర్వాత ఆకుల వెలుగులోంచి కాయ కలలో వచ్చినట్టు వచ్చేది. దాన్నే చూస్తూ నేను గోనెపట్టాను బిగించేదాన్ని. కాయ ఎగిరి అవతల నేల మీద పడేది. అలా మూడు పడ్డాయి.

"ఏందే, డప్పు లెక్క గుంజి పట్టినవ్!" అని పైనుంచి చిన్నాయన నవ్వాడు.

తాతయ్య మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు చూస్తే, ఆ మూడింటి మీద చిన్న గీత కూడా లేదు. పావడాకు తుడిచి, వరిగడ్డి పరిచిన మందిరం బుట్టలో అడుగున పెట్టేశాను.

తాతయ్య చూశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. సాయంత్రం మరో మూడు కాయలు తీసుకున్నాడు. ఒకటి మోకాలి ఎత్తు నుంచి, ఒకటి తల ఎత్తు నుంచి వదిలాడు. మూడోదాన్ని చెట్టు కొన నుంచి చిన్నాయన చేత వేయించాడు. వాటి మీద బొగ్గుతో ఒకటి, రెండు, మూడు గీతలు గీసి గడ్డిలో పెట్టాడు.

"మూడు ఒక్కతీరుగనే ఉన్నయి గద బిడ్డా? పండినంక సూద్దాం."

అవి పండాక, శనివారం కోశాడు. ఒక గీతదానిలో వేలిముద్రంత మచ్చ. రెండు గీతలదానిలో రూపాయి బిళ్ళంత. మూడు గీతలది టెంక దాకా నలుపే.

"భూమి అన్నిటిని ఒక్కతీరుగనే గుంజుతది. ఎంత పైనుంచి అస్తే అంత జోరు పెరుగుతది. దెబ్బ తోలు మీద గనపడది, లోపట ఉంటది."

నాకు ఏడుపు ఆగలేదు. బుట్టలో దాచిన సంగతి చెప్పేశాను. తిడతాడనుకున్నాను. ఆయన నన్ను చెట్టు కిందికి తీసుకెళ్ళి మళ్ళీ గోనెపట్టా చేతికిచ్చాడు.

"కాయ తాకంగనే చేతులు కిందికి దించు. దాని జోరు జరంత నువ్వు తీసుకో."

కొన నుంచి వచ్చిన కాయ పట్టాలో నిద్రపోయినట్టు ఆగింది. మర్నాడు ఆ మూడు పండ్లు తీసేసిన బుట్టనే తలెత్తుకుని మోశాను.

ఇప్పుడు మనవలు ఏదో తప్పు చేసి, నా దగ్గరికి వచ్చి చెబుతారు. నా చేతులు వాటంతటవే కొంచెం కిందికి దిగుతాయి. మీరూ నాతో ఒక్క మాట ప్రార్థించండి: ప్రభువా, పడుతున్నది ఎవరైనా, పట్టుకునే మా చేతులు బిగుసుకోనివ్వకు.