ఎలుక తోకలు లెక్కపెట్టిన చేతులు

ఆ రోజు కళ్లంలో వడ్లు కొలుస్తూ పదిహేడో కుంచం దగ్గర లెక్క తప్పాను. బడికి పోకపోయినా సొంతంగా లెక్కలు నేర్చుకుని ఇరవై రెండేళ్లుగా ఊరి పంట కొలుస్తున్నాను. ఎన్నడూ అలా జరగలేదు. లేవబోతే పిక్కలు పట్టేసి మళ్లీ కూలబడ్డాను. పక్కనే బస్తా పట్టుకున్న ముత్తయ్య నవ్వాడు.

"ఏంది అన్నా, గిట్ల కూలబడ్డవ్? ఎలుకలు నీ మీద పగబట్టినయా?"

పన్నెండు రోజుల ముందు ఊరంతా కలిసి ఎలుకల వేట చేశాం. ఆ ఏడు భద్రాచలం అడవి అంచున ఉన్న మా చేలను అవి కొరికి పడేశాయి. పై వాడకూ కింది వాడకూ పోటీ పెడితే జనం హుషారుగా వస్తారని చెప్పింది నేనే. చచ్చిన ఎలుకల తోకలు కోసి లెక్కపెట్టిందీ నేనే. రెండు వందల పద్నాలుగు. మధ్యలో కొడవలి తగిలి బొటనవేలు తెగింది. గుడ్డ చుట్టి, ఒట్టి చేతులతోనే మిగతావి లెక్కించాను. ముత్తయ్య తడి గట్లు తవ్వి, బొరియల్లో చెయ్యి పెట్టి అందరికంటే ఎక్కువ పట్టాడు.

కళ్లం నుంచి ఇంటికి చేరిన ఆ రాత్రే జ్వరం నూట మూడు. ముందు కళ్లు ఎర్రబడ్డాయి, నాలుగో రోజుకు పచ్చబడ్డాయి. ఊళ్లో పచ్చకామెర్లన్నారు. పసరు తాగాను. అయిదో రోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మూత్రం ఒక్కసారే వచ్చింది, అదీ పావు గ్లాసు. అప్పుడు భయం వేసింది. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. ఒక్కణ్ణే బస్సెక్కి ఖమ్మం దవాఖానాకు వెళ్లాను.

కిడ్నీల పరీక్షలో క్రియాటినిన్ అయిదు దాటిందని నర్సు చెప్పింది. ఎంత ఉండాలని అడిగాను. ఒకటి దగ్గర ఉండాలంది. డాక్టరు మంచం పక్కన కూర్చుని, జ్వరానికి ముందు పదిహేను రోజులు ఏమేం చేశావని అడిగాడు. ఒక్కో రోజూ చెప్పుకుంటూ తోకల దగ్గరికి వచ్చేసరికి నా బొటనవేలు తిప్పి చూశాడు.

"లెప్టోస్పైరోసిస్ అనిపిస్తుంది. దాని క్రిమి ఎలుక మూత్రంల ఉంటది, తెగిన చోట లోపలికి పోతది. నీతోని ఇంకెవరు పట్టిన్రు?"

ఊరంతా వేటాడినా బొరియల్లో చెయ్యి పెట్టింది ముత్తయ్యేనని చెప్పాను. జ్వరం వస్తే వెంటనే రమ్మని అతనికి చెప్పమన్నాడు డాక్టరు. నర్సుతో చీటీ రాయించి, ముత్తయ్యకు ఇమ్మని దవాఖానా ఆయా చేత మా ఊరి బస్సు కండక్టరుకు పంపాను.

పెన్సిలిన్ ఆరు గంటలకొకటి, ఏడు రోజులు. మూడో రోజు ఊపిరాడక ఆక్సిజన్ పెట్టారు. ఆ రోజు లెక్క నా దగ్గర లేదు. పక్క మంచాలకు ఇంటి నుంచి కారియర్లు వచ్చేవి. నా రోగం అంటుకుంటుందని మా ఊళ్లో అనుకున్నారట, ఎవరూ రాలేదు. సీసాలో మూత్రం కొలిచి రాసుకునేవాణ్ణి: రెండు వందలు, నాలుగు వందల యాభై, తొమ్మిది వందలు. పెరిగిందని చెప్పుకోవడానికి మనిషి లేక నర్సుకే చెప్పేవాణ్ణి.

జ్వరం వచ్చిన పద్దెనిమిదో రోజు ఇంటికి చేరాను. ముత్తయ్య లేడు. నేను ఖమ్మం వెళ్లిన మర్నాడే అతనికి జ్వరం వచ్చింది. చీటీ కూడా అందింది. ఎవరో చదివి వినిపిస్తే, "నా కండ్లు పచ్చగ లేవు గదా, నాది ఒట్టి జరమే" అన్నాడట. తొమ్మిదో రోజు బండెక్కిస్తే దారిలోనే పోయాడు. నేను వెళ్లింది అయిదో రోజు. తేడా నాలుగు రోజులు.

అతని భార్య లచ్చమ్మ గడప దాటి రాలేదు.

"పోటీ పెట్టింది నువ్వే గదన్నా" అంది.

ఇది జరిగి మూడేళ్లు. నా కిడ్నీలు బాగున్నాయి. వండుకుంటాను, తింటాను, పనికి పోతాను. లచ్చమ్మ ఇంటి ముందు నుంచి కాకుండా చుట్టు తిరిగి పోతాను.

ఎలుకల్ని ఒట్టి చేత్తో ముట్టుకోకండి. చేలో పనిచేసి వచ్చాక జ్వరం, పిక్కల నొప్పి కలిసి వస్తే రెండో రోజు దాటనివ్వకండి. డాక్టరు అడగకముందే ఎలుకల సంగతి చెప్పండి. మీతో పాటు పని చేసినవాడికి చీటీ పంపి ఊరుకోకండి. మనిషిని పంపి, బస్సెక్కేదాకా పక్కనే ఉండమనండి.